సల్లలో చేదు

చేవెళ్ల
18 జనవరి 2025

చెల్లె సాహిత్యకు,

అందరం క్షేమం అని మొదలుపెట్టడం నాకు చేతకాదు. అమ్మ బాగుంది, విత్తనాల దుకాణం బాగుంది, నేను నీకు తెలిసినట్టే ఉన్నాను. నీ ఉత్తరం తెచ్చిచ్చిన పోస్టుమాన్ ఆంజనేయులు, "ఈ కాలంల ఉత్తరాలు రాసుకునేది మీ అన్నాచెల్లెండ్లే సేటు, మీ కోసమే పోస్టాఫీసు నడుస్తున్నట్టున్నది" అన్నాడు. వాడికి ఏం చెప్పను? ఫోన్ చెవికి పెట్టుకుంటే మధ్యలో ఇంకెవరో వింటున్నట్టు ఉంటుందని చెబితే ఊరు మళ్లీ ఒక వారం నా గురించే మాట్లాడుకుంటుంది. మూడేళ్ల కింద స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టినప్పుడు చెవుల్లో ఉన్న గొంతులు ఇప్పుడు చాలావరకు లేవు. ఫోన్ భయం ఒక్కటి పోలేదు. అయినా ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. ఉత్తరమైతే నిన్ను మడిచి జేబులో పెట్టుకోవచ్చు.

అసలు సంగతికి వస్తాను. మొయినాబాద్‌లో డాక్టర్ సుధాకర్ కూడా నీ మాటే అన్నారు. రోజూ మాత్ర వద్దు, నెలకొక సూది చాలట. నేను మాత్రలు ఎగ్గొడతానన్నది నిజం. మింగితే పొద్దున దుకాణం తెరిచేసరికి తల బరువు, ఎగ్గొడితే పది రోజులకు మళ్లీ గొంతులు. దసరాకు ఏమయిందో నీకు తెలుసు, రెండు రోజులు గోదాములో మొక్కజొన్న సంచుల వెనుక కూర్చున్నాను. అమ్మ రాత్రి అన్నం కాగానే మాత్ర చేతిలో పెట్టి నా గొంతు దిక్కే చూస్తుంది. ముప్పై నాలుగేళ్లు వచ్చాయి నాకు. నాలుక ఎత్తి చూపించమంటుంది.

సూదికి ఒప్పుకుందామనే ఉంది. కానీ నెల రోజుల మందు ఒక్కసారే లోపలికి పోతే అది ఎక్కడ కూర్చుంటుంది? నాకు పడకపోతే బయటికి తీయొచ్చా? నువ్వు చదివింది ఈ చదువే కదా, నాకు అర్థమయ్యేట్టు రాయి.

ఇంకో మాట. రెండేళ్ల కింద అమ్మ చిలికిన సల్లలో ఏదో కలిపారని గ్లాసు గోడకు కొట్టి, బజారంతా వినేలా అమ్మను తిట్టాను. మర్నాడు నన్ను దవాఖానలో చేర్చారు. అది జబ్బు నా చేత అనిపించిన మాట అని నువ్వు చెప్పావు, డాక్టర్లు చెప్పారు, నేనూ ఒప్పుకున్నాను. అమ్మకు దండం పెట్టి క్షమించమన్నాను. అయినా ఆ భయం ఎక్కడో మిగిలింది. అందుకని ఒక్కటే షరతు. నాకు తెలియకుండా నా ఒంట్లోకి ఏదీ పోకూడదు. ఆ మాట నువ్వు రాసి పంపు. అమ్మ చెబితే ప్రేమకొద్దీ చెబుతుంది, డాక్టర్ చెబితే పనికొద్దీ చెబుతాడు. నువ్వు చెబితే నమ్ముతాను.

నీ అన్న
కల్యాణ్


పుణె
25 జనవరి 2025

అన్నకు,

నీ ఉత్తరం ప్రయోగశాలలో చదివాను. నన్ను మడిచి జేబులో పెట్టుకుంటావా? ఉండు, ఈసారి అట్ట ముక్క మీద రాస్తాను.

నువ్వు అడిగినందుకు ఎంత సంతోషమో. ఇంట్లో ఎవరూ నా పని గురించి అడగరు, అమ్మకు నేను "మందుల కంపెనీల ఏదో చేస్తది", అంతే. పాలిమర్ అంటే పొడుగాటి దారం అనుకో. దాన్ని ఓపికగా చల్లారిస్తే తన మీద తానే మడతలు పడి పలుచని స్ఫటికపు పలుకు అవుతుంది, అమ్మ పట్టుచీర కుచ్చిళ్లు పెట్టి మడిచినట్టు. మేము ఆ పలుకులను గుల్లగా పెంచి లోపల మందు పెడతాం. ఒంట్లో నీరు తగిలి మడత వెనుక మడత విడిపోతుంటే మందు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. మావి ఇంకా ఎలుకల దగ్గరే ఉన్నాయి, అవీ సగం పగిలిపోతున్నాయి. నీకు ఇచ్చేవి మావి కావు. డాక్టర్లు చాలాకాలంగా వాడుతున్నవే, అదే జాతి పాలిమర్‌తో చేసిన సన్నటి గింజలు. కండలో కూర్చొని నెల రోజులు కరుగుతాయి.

కరిగాక ఏమవుతుందంటే, చివరికి సల్లలో ఉండే పులుపే అవుతుంది. నిజంగా! పాలు తోడుకుంటే పుట్టే ఆమ్లమే అది. మన ఒంట్లో ఎప్పుడూ ఉండేదే. ప్లాస్టిక్ లాగా మిగిలిపోదు, ఫికర్ చేయకు.

వేశాక బయటికి తీయలేరు. కరిగేదాకా ఆగాలి. అందుకే డాక్టర్లు తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. సూది పని అందుకునేదాకా మొదటి మూడు వారాలు మాత్రలు కూడా వేసుకోవాలి, తర్వాత మాత్రలు పూర్తిగా బంద్. నాలుక ఎత్తి చూపించేది ఉండదు.

నీ షరతు ఇదిగో. నీకు తెలియకుండా నీ ఒంట్లోకి ఏదీ పోదు. మాట ఇస్తున్నాను.

నీ చెల్లె
సాహిత్య


చేవెళ్ల
9 ఫిబ్రవరి 2025

సాహిత్యా,

ఆరో తారీఖు సూది వేయించుకున్నాను. నీ ఉత్తరం జేబులోనే ఉంది.

మొయినాబాద్ దవాఖానలో శాంసన్ అని ఒక కాంపౌండర్ ఉన్నాడు. చిన్న సీసాలో తెల్లటి పొడి, దాంట్లో నీళ్ల మందు పోసి గిలక్కాయలాగా ఊపడం మొదలుపెట్టాడు. "జర గట్టిగ ఊపాలె అన్నా, లేకుంటే సూదిల ఇరుక్కుంటది" అన్నాడు. ఊపుతూనే తన బిడ్డ పెళ్లి సంబంధం సంగతి మొత్తం చెప్పాడు. పిల్లవాడిది శంకర్‌పల్లి, రెండు గేదెలు, ఒక ట్రాక్టరు. నేను ఏ పక్కకు తిరిగి పడుకోవాలో అతను చెప్పేసరికి పెళ్లి కుదిరింది.

వచ్చేటప్పుడు సూది నొప్పికి ఆటోలో ఒక పక్కకు ఒరిగి కూర్చుంటే, చిల్కూరు గుడి నుంచి వస్తున్న ఒకామె జాలిపడి, "ప్రదక్షిణలు చేసి కాళ్లు గుంజుతున్నయా బిడ్డా" అంది. అవునన్నాను.

అమ్మకే నమ్మకం కుదరడం లేదు. "ఒక్క సూది నెలంత ఎట్ల పనిచేస్తది?" అని నాలుగుసార్లు అడిగింది. వేపపూత యూరియా చూపించి చెప్పాను. పూత ఉంటే గింజ నిదానంగా కరుగుతుంది, చేను అవసరమైనంతే తాగుతుంది, ఇదీ అంతే అన్నాను. అమ్మ, "యూరియా చల్లిన్నని రైతు చేను దిక్కు చూడకుంట ఇంట్ల పంటడా?" అంది. పదో తరగతి చదివిన మనిషి, వకీలు అయి ఉంటే మనకు దుకాణం అవసరం ఉండేది కాదు.

నిన్న పొద్దున దుకాణం తెరిచాక ఒక సంగతి గమనించాను. షట్టర్ ఎత్తుతున్నప్పుడు అది చేసే చప్పుడు, చప్పుడుగానే వినిపించింది. వెనుక ఏ మాటా లేదు. నీకు చెప్పాలనిపించింది.

కల్యాణ్


పుణె
17 ఫిబ్రవరి 2025

అన్నా,

షట్టర్ సంగతి చదివి ఏడ్చాను. మా గైడ్ చూసి, పలుకులు మళ్లీ పగిలాయనుకొని ఓదార్చడానికి వచ్చారు.

ఇరవై ఏడో తారీఖు దాకా మాత్రలు మరిచిపోకు. ఆ తర్వాత ఒక్కటి కూడా వద్దు. అమ్మకు నేను ఫోన్ చేసి చెబుతాను. నాకు వచ్చే నెలంతా ఢిల్లీలో సమావేశానికి తయారవడమే సరిపోతుంది, ఉత్తరం ఆలస్యమైతే తిట్టుకోకు.

శాంసన్ బిడ్డ పెళ్లికి మనల్ని పిలుస్తాడా?

సాహిత్య


చేవెళ్ల
16 మార్చి 2025

సాహిత్యా,

నిన్ను తొందరపెట్టాలని కాదు. అడగడానికి ఇంకెవరూ లేక రాస్తున్నాను.

ఇరవై ఏడుకు మాత్రలు ఆపాను. ఈ నెల ఆరున రెండో సూది అయింది. గొంతులు లేవు. కానీ పది పన్నెండు రోజులుగా రాత్రి సల్ల చేదుగా ఉంటోంది. పొద్దున పాలు బాగుంటాయి, చాయ్ బాగుంటుంది, పప్పు బాగుంటుంది. సల్లలోనే చేదు. ఉప్పు ఎక్కువే వేస్తోంది అమ్మ, పచ్చిమిర్చి దంచి వేస్తోంది, అయినా చివరి గుక్కలో నాలుక మీద మిగులుతోంది.

ఇంకా ఉంది. చేతులు బిగిసినట్టు ఉంటున్నాయి. బెండ విత్తనాల పొట్లానికి దారం ముడి వేయడానికి రైతు ముందు ఎంతసేపు పట్టిందో. రాత్రి కాళ్లు ఒకచోట నిలవవు, లేచి దొడ్డిలో తిరుగుతాను. పగలేమో నడవాలంటే కాలు లేవదు.

అమ్మను అడగలేదు. రెండేళ్ల కింద ఒకసారి అడిగిన తీరు చాలు. ఆ రోజు అమ్మ ముఖం నాకు ఇంకా గుర్తుంది. మళ్లీ ఆ మాట నోట్లోంచి వస్తే నాకు జబ్బు తిరగబెట్టిందని అందరికంటే ముందు నేనే అనుకుంటాను. అందుకే నిన్ను అడుగుతున్నాను. నిజంగా చేదు ఉందా, నాకు అలా అనిపిస్తోందా? నువ్వు ఏదంటే అది.

కల్యాణ్


పుణె
23 మార్చి 2025

అన్నా,

నీ ఉత్తరం అందింది. ఏమీ దాచకుండా రాస్తాను, కోపం తెచ్చుకోకు.

తప్పు నాదే. గింజలు కరిగి సల్లలో పులుపే అవుతాయని నేనే నీకు రాశాను. అది నీ మనసులో పడింది. పాత భయం అక్కడ ఉండనే ఉంది. సూదినీ సల్లనూ నీ మనసు ముడి వేసింది. ఇలా జరుగుతుందని పుస్తకాల్లో చదివాను కూడా. ఆ పోలిక చెప్పకుండా ఉండాల్సింది.

ఇంకొకటి గమనించాను. నీ అక్షరాలు చిన్నవయ్యాయి. జనవరి ఉత్తరం పక్కన పెట్టి చూశాను, ఇప్పటివి అందులో సగం కూడా లేవు. పేజీ చివరకు వచ్చేసరికి భూతద్దం కావలసి వచ్చింది. ఎవరూ చదవకూడదని అలా రాస్తున్నావా? మన ఇంట్లో నీ ఉత్తరం ఎవరు చదువుతారు అన్నా? రాత్రిళ్లు దొడ్డిలో తిరగడం, ఇది, చేదు, అన్నీ కలిపి చూస్తే నాకు దసరా ముందు రోజులే గుర్తొస్తున్నాయి.

డాక్టర్ సుధాకర్ గారికి ఫోన్ చేసి నీకు మళ్లీ అనుమానాలు మొదలయ్యాయని చెప్పాను. ఏప్రిల్ మూడో తారీఖు సూదిలో మోతాదు కొంచెం పెంచుతామన్నారు. భయపడకు. మొదట్లో సరిపోకపోవడం మామూలే.

సల్లలో ఏమీ లేదు. నామీద నమ్మకం ఉంటే తాగు. తాగడం మానేస్తే అమ్మ తట్టుకోలేదు.

సాహిత్య


చేవెళ్ల
6 ఏప్రిల్ 2025

సాహిత్యా,

నువ్వు చెప్పావు కాబట్టి తాగుతున్నాను. చేదు అనిపించినప్పుడు, ఇది చేదు కాదు, నాకు అనిపిస్తోంది అని చెప్పుకుంటున్నాను. మొదట్లో ఒక్కో గుక్కకు చెప్పుకోవలసి వచ్చేది. ఇప్పుడు గ్లాసుకొకసారి చాలు.

ఎవరూ చదవకూడదని చిన్నగా రాయడం లేదు. పెద్దగానే మొదలుపెడతాను. చివరికి వచ్చేసరికి చీమలు అవుతున్నాయి. ఎందుకో నాకు తెలియదు.

పెంచిన సూది వేశారు. ముడిమ్యాల నుంచి కుర్మయ్య వచ్చాడు, టమాట నారుకు మందు కావాలని. సామాను తీసుకొని పోతూ పోతూ ఆగి, "ఏంది సేటు, మొఖం గిట్ల గట్టిగ పెట్టుకున్నవ్? నా మీద కోపమా?" అన్నాడు. లేదని నవ్వాను. నవ్వాననే అనుకున్నాను. ఆయన ముఖం చూస్తే నేను నవ్వినట్టు లేదు.

కల్యాణ్


పుణె
13 ఏప్రిల్ 2025

అన్నా,

నువ్వు సల్ల తాగుతున్నావంటే నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. జబ్బు ఒకటి చెబుతుంటే దాన్ని కాదని చెల్లెలి మాట విన్నావు. నువ్వు గెలిచావు.

కుర్మయ్య మాట పట్టించుకోకు, ఆయన అందరినీ అలాగే అంటాడు. ఢిల్లీలో నా ఉపన్యాసం బాగా అయింది. ఈసారి పలుకులు ఇరవై రోజులు పగలకుండా నిలిచాయి. ఒకాయన లేచి, "రోగికి నష్టం జరిగితే వీటిని ఆపడం ఎలా?" అని అడిగాడు. మోతాదు జాగ్రత్తగా ఎంచుకుంటే ఆ పరిస్థితి రాదని చెప్పాను. చప్పట్లు కొట్టారు.

మిగతాది సెలవుల్లో వచ్చినప్పుడు.

సాహిత్య


చేవెళ్ల
22 ఏప్రిల్ 2025

సాహిత్య,

దుకాణం మెట్టు దగ్గర పడ్డాను. కాలు ఎత్తాననుకున్నాను, లేవలేదు. నొసట ఐదు కుట్లు. నోట్లోంచి చొల్లు కారుతుంటే కస్టమర్లు చూడకుండా తుడుచుకుంటున్నాను.

వేశాక బయటికి తీయలేరు అని జనవరిలో ఒక్క వాక్యం రాశావు. దాన్ని రోజూ చదువుతున్నాను. నా నాలుక చెప్పేది నాకు పనికిరాదని అలవాటు చేసుకున్నాను. ఇప్పుడు కాళ్లు కూడా.

రాయడం కష్టంగా ఉంది.

క.


పుణె
27 ఏప్రిల్ 2025

అన్నా,

ఇది స్పీడ్‌పోస్టులో పంపుతున్నాను. దీని కంటే ముందే డాక్టర్ సుధాకర్ గారితో మాట్లాడాను. మే ఒకటో తారీఖు సూది వేయరు. బిగుతు తగ్గడానికి వేరే మాత్ర ఇస్తారు. దాని పేరు, ఎందుకిస్తున్నారో చీటీ మీద రాసి నీ చేతికే ఇవ్వమని చెప్పాను. వెంటనే పో. మిగతాది చదవకపోయినా పో.

నిన్న అమ్మ ఫోన్ చేసింది. నువ్వు పడ్డావని చెప్పి ఏడ్చింది. తర్వాత అంది: "మాత్రలు ఒడిసినయ్ బిడ్డా. మెడికల్ షాపోడు కొత్త చీటీ లేకుంటే ఇయ్య అంటుండు. నువ్వు ఆడికెల్లి పంపుతవా?" ఏ మాత్రలమ్మా అని అడిగాను. "సల్లల ఏసేటియే" అంది.

అన్నా, సల్ల చేదుగానే ఉంది. నీకు అనిపించడం కాదు. చేదే.

మాత్ర నీ గొంతు దిగడం కనిపించని రోజున అమ్మ దాన్ని పొడి చేసి సల్లలో కలుపుతోంది. రెండున్నరేళ్లుగా. సూది మొదలై మూడు వారాలయ్యాక నువ్వు మాత్రలు బంద్ పెట్టావు కదా. అమ్మ లెక్కలో అప్పటినుంచి ప్రతి రోజూ నువ్వు మాత్ర వేసుకోని రోజే. అందుకని ప్రతి రోజూ కలిపింది. దాని మీద సూది. దాని మీద నేను పెంచమన్న సూది. నీ చేతులు, నీ ముఖం, నీ అక్షరాలు, అన్నీ దానివల్లే. మందు ఎక్కువైతే రాత చిన్నదవుతుందని నేను చదువుకున్నాను. నీ ఉత్తరాలు పక్కపక్కన పెట్టి చూసి కూడా నువ్వు దాచిపెడుతున్నావనుకున్నాను.

ఇంకా రాయాలి. సల్లలో కలపమని అమ్మకు నేర్పింది నేనే. నీకు జబ్బు మొదలైన ఏడాది నువ్వు అస్సలు మాత్ర ముట్టనప్పుడు, అమ్మ రోజూ ఫోన్లో ఏడుస్తుంటే, నేనే చెప్పాను. ఎలా పొడి చేయాలో, చేదు తెలియకుండా ఎంత ఉప్పు, ఎంత పచ్చిమిర్చి వేయాలో చెప్పాను. నువ్వు గ్లాసు గోడకు కొట్టిన రోజున కూడా అందులో ఉంది. ఆ రోజు నువ్వు చెప్పింది నిజం. అది జబ్బు మాట అని నిన్ను ఒప్పించింది నేను. అమ్మకు దండం పెట్టమన్నదీ నేనే.

జనవరిలో నీకు మాట ఇచ్చే వాక్యం రాసేటప్పుడు నాకు ఇదంతా తెలుసు. ఇక ఆపించేస్తే సరిపోతుంది, జరిగింది నీకు చెప్పే అవసరం లేదు అనుకున్నాను. మూడు వారాలయ్యాక అమ్మకు చెప్పాలనుకున్నాను. ఢిల్లీ పనిలో మరిచిపోయాను. మార్చిలో నువ్వు చేదు అని రాసినప్పుడు అమ్మను ఒక్క మాట అడిగితే తెలిసిపోయేది. అడగలేదు. అడిగితే నేను చేసింది నేనే ఒప్పుకోవాలి. దానికంటే నీకు జబ్బు తిరగబెట్టిందనుకోవడం నాకు సులువైంది.

అమ్మ మీద కోపం పెట్టుకోకు. నన్ను ఏమన్నా అను. రమ్మంటే రేపే బయలుదేరుతాను.

సాహిత్య


చేవెళ్ల
24 మే 2025

సాహిత్యా,

అక్షరాలు చూశావా, కొంచెం పెరిగాయి. అందుకే ఇన్నాళ్లు ఆగాను. చీమలతో నీకు జవాబు రాయదలచుకోలేదు.

నీ ఉత్తరం దుకాణంలో చదివాను. చదివి మొదట నవ్వాను. నిజంగా నవ్వు వచ్చింది. ఆ రోజు గ్లాసు కొట్టినవాడికి పిచ్చి లేదు. ఉన్నా, ఆ ఒక్క విషయంలో లేదు. రెండేళ్లు నేను ఆ మనిషిని అసహ్యించుకున్నాను సాహిత్యా. అద్దంలో వాణ్ణి చూసి సిగ్గుపడ్డాను. వాడు నిజం చెప్పినందుకు వాడి చేత అమ్మ కాళ్లు పట్టించి ఏడిపించారు.

తర్వాత కోపం వచ్చింది. ఇంటికి పోయి అడిగితే అమ్మ కాదనలేదు. "నేను విషం పెట్టిన్నా కొడకా? మందే గద పెట్టిన. నువ్వు మంచిగుండాలనే గద" అంది. ఆరు రోజులు ఇంట్లో తినలేదు. బస్టాండు దగ్గర హోటల్లో పూరీ తిన్నాను, రెండు పూటలా. నేను తినలేదని అమ్మ కూడా తినలేదని పక్కింటివాళ్లు చెప్పారు. చెప్పినా పోలేదు. ఇది కూడా నీకు తెలియాలని రాస్తున్నాను. నేను మంచివాణ్ణని అనుకోకు.

ఏడో రోజు వచ్చి కూర్చున్నాను. అన్నం వడ్డించింది. సల్ల గ్లాసు తెచ్చి, నా ముందు నిలబడి, అందులోంచి తను ఒక గుక్క తాగి, గ్లాసు నా ముందు పెట్టింది. మన ఇంట్లో ఎంగిలి పట్టింపు నీకు చెప్పాలా? నువ్వు కొరికిన జామకాయ నేను తిన్నానని నన్ను చిన్నప్పుడు నిలబెట్టి నోరు కడిగించిన మనిషి. వంట చేస్తూ ఉప్పు చూడటానికి కూడా నోట్లో వేసుకోదు, నైవేద్యం కాకముందు ఎంగిలి అవుతుందని. ఆ మనిషి తన కొడుక్కి తన ఎంగిలి పెట్టింది. నేను అడగలేదు. తాగాను. మర్నాడూ అంతే. పదిహేను రోజులు ఇలాగే జరిగింది. ఒక్కో రోజు ఆమె తాగుతుంటే చూడలేక తల తిప్పుకునేవాణ్ణి. అయినా వద్దని అనలేకపోయాను. అంటే, నాకు ఇంకా భయం ఉంది.

మొన్న గురువారం ఆమె గ్లాసు నోటి దగ్గరికి తీసుకుపోతుంటే చేయి పట్టుకొని ఆపి, లాక్కొని నేనే ముందు తాగాను. మొత్తం తాగాను. పుల్లగా ఉంది, అంతే. అమ్మ వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

సూది మీద నాకు కోపం లేదు. డాక్టర్ సుధాకర్ అంతా విని తన చీటీలో రాసుకున్నారు. నన్ను అడక్కుండా మోతాదు పెంచినందుకు ఆయన నాకు సారీ చెప్పారు. ఒక డాక్టర్ నాకు సారీ చెప్పడం ఇదే మొదలు. శాంసన్ కూడా, "ఊపుడు నా వంతు, అడుగుడు నీ వంతు అన్నా, ఏదన్న అనుమానమైతే అడుగు" అన్నాడు. లోపల ఉన్నది చాలావరకు కరిగిపోయిందట. గొంతులు మళ్లీ రాలేదు కానీ నిన్న దుకాణం తెరుస్తుంటే షట్టర్ వెనుక ఏదో ఉన్నట్టు అనిపించింది. అనిపించిందని ఎవరికీ చెప్పలేదు. చెబితే, ఇది నిజమా జబ్బా అని మీరు తేల్చేలోపు నేను మళ్లీ ఎక్కడ ఉంటానో తెలియదు. ఇదీ నువ్వు నాకు చేసింది. చేదు పోయింది, బిగుతు పోతోంది. జబ్బు వచ్చినా చెప్పుకోవడానికి నాకు మనిషి లేకుండా చేశావు.

అయినా నీకే చెబుతున్నాను చూడు.

జూన్ ఐదున డాక్టర్ దగ్గరికి పోతున్నాను. తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలా, మాత్రలేనా, ఏదీ వద్దా, మాట్లాడాలి. నువ్వు రా. ఉత్తరం రాయకు, రా. లోపల నా పక్కన కూర్చో. ఆయన అడిగేవాటికి నేను జవాబు చెబుతాను. తప్పు చెప్పినా, మరిచిపోయినా, నీకు తెలిసిన చదువంతా నాలుక చివరికి వచ్చినా, నువ్వు నోరు విప్పొద్దు. అమ్మ పదిహేను రోజులు తాగి చూపించింది. నువ్వు ఒక్క అరగంట ఊరుకో.

కల్యాణ్